పాత యెజ్డీ ముందు బ్రేకు: లైనర్లు కొత్తవే, బండి మాత్రం ఆగదు

డ్రమ్ బ్రేకులో డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె; దాని లోపల ఉండే రెండు వంపు ముక్కలు షూలు, వాటి మీది రాపిడి పొర లైనర్. లివర్ నొక్కితే కామ్ అనే ముక్క తిరిగి షూల ఒక చివరను బయటకు తోస్తుంది, రెండో చివర పివట్ మీద నిలిచి ఉంటుంది. ఈ బ్రేకు పట్టడం లేదంటే మనం ముందు చేసే పని షూలు మార్చడం. చాలా బండ్లకు అది సరిపోతుంది కూడా. సరిపోని బండి ఒకటి మా షెడ్డుకు వచ్చింది. దాని విషయంలో ఏ లైనర్ వేశాం అన్నదానికంటే, ఏ పని ముందు చేశాం, ఏది తర్వాత చేశాం అన్నదే తేడా తెచ్చింది. పాత బండ్లు చేసే మెకానిక్కులకూ, షూలకు కొత్త లైనర్లు కొట్టించుకోవాలనుకునే యజమానులకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. యజమాని ఊరూ పేరూ, అంతకుముందు పనిచేసిన షాపుల పేర్లూ వదిలేశాను.

నేపథ్యం

బండి యెజ్డీ 250. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీలో 1961లో జావాలు తయారవడం మొదలైంది, తర్వాత అవే యెజ్డీలయ్యాయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బండ్లు వచ్చాయి గానీ వాటికి ముందూ వెనకా డిస్కు బ్రేకులే. వాటి సామాను దీనికి పనికిరాదు. అందుకని ఈ పాత బండ్లకు బజారులో దొరికే ‘డూప్లికేట్’ సామానుతోనో, ఉన్నదాన్ని బాగుచేసుకునో నెట్టుకురావాలి.

యజమాని నలభై దాటిన వ్యాపారి. బండి వాళ్ల మేనమామది. రోజూ వాడరు. సెలవులకు ఇద్దరెక్కి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగుతుంటారు. ఈ సంగతి నేను అడిగి తెలుసుకున్నాను. బ్రేకు పని చేసే ముందు బండి ఎక్కడ తిరుగుతుందో తెలియాలి. బజారులో తిరిగే బండికి సరిపోయే బ్రేకు ఘాట్‌లో సరిపోకపోవచ్చు. పైగా ఇది టూ స్ట్రోక్. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ బండిని పెద్దగా పట్టి ఉంచదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే దాని లూబ్రికేషన్ కాబట్టి, థ్రాటిల్ మూసి అదే పనిగా దిగితే పిస్టన్‌కు అందే ఆయిల్ కూడా తగ్గుతుంది. అంటే దిగుడులో భారమంతా బ్రేకుల మీదే.

వచ్చిన కంప్లయింట్

"లైనర్లు కొత్తవే వేయించానండి. బ్రేకు పడుతున్నట్టే ఉంటుంది, బండి మాత్రం ఆగదండి" అన్నారాయన. తోలి చూస్తే అక్షరాలా అదే. ముందు లివర్ నొక్కితే దాదాపు హ్యాండిల్ గ్రిప్ దాకా వస్తోంది. మెత్తగా, లోపల ఏదో వంగుతున్నట్టుంది. ఇరవై ముప్పై వేగంలో మెల్లిగా పట్టి చూస్తే చక్రం తిరిగే కొద్దీ లివర్ వేళ్ల కింద కొట్టుకుంటోంది. కీచుమని చప్పుడు. ఘాట్‌లో నాలుగు మలుపులు దిగేసరికి బ్రేకు ఉన్నట్టే ఉండటం లేదని ఆయనే చెప్పారు. వెనక కూర్చున్న మనిషికి ఇంకా టెన్షన్.

ఇందులో లివర్ కొట్టుకోవడం ముఖ్యమైన ఆధారం. లైనర్ ఎంత చెడ్డదైనా, ఎంత గట్టిదైనా, డ్రమ్ము గుండ్రంగా ఉంటే లివర్ కొట్టుకోదు. కొట్టుకుంటోందంటే డ్రమ్ము కోలగా ఉండాలి, లేదా బేరింగులు పోయి డ్రమ్ము పక్కకు జరుగుతూ ఉండాలి. చక్రం విప్పకముందే ఇంతవరకు చెప్పొచ్చు.

అంతకుముందు చేసినవి

ఆయన చెప్పినదాన్ని బట్టీ, విప్పాక కనిపించినదాన్ని బట్టీ బ్రేకు మీద అప్పటికే మూడు ప్రయత్నాలు జరిగాయి.

మొదట రెడీమేడ్ షూలు వేశారు. కొన్నాళ్లకు లివర్ మళ్లీ లోపలికి రావడంతో, కామ్ తగిలే చోట షూ చివర్లకు రేకు మడిచి పట్టీలు తొడిగారు. ఇది మన దగ్గర అందరికీ తెలిసిన చిట్కా. లివర్ వెంటనే పైకి వస్తుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ రేకు వేసినప్పుడు షూ మొత్తం బయటకు జరగదు, కామ్ వైపు చివర మాత్రమే జరుగుతుంది. పివట్ వైపు చివర ఎక్కడిదక్కడే ఉంటుంది. దాంతో లైనర్‌లో ఆ చివర రెండంగుళాలు మాత్రమే డ్రమ్మును రాస్తూ, మిగతాది ఊరికే తిరుగుతుంది.

మూడోసారి ఆ షూలకే లారీ లైనర్లు కొట్టే చోట లైనింగ్ ముక్క కోసి రివెట్లు వేయించారు. లారీ లైనింగ్ చాలా గట్టిది. బరువైన బండికి, పెద్ద ఒత్తిడికి, పెద్ద వేడికి చేసినది. మోటార్‌సైకిల్ లివర్‌ని నాలుగు వేళ్లతో లాగితే వచ్చే ఒత్తిడికి అది చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి: రివెట్ తలలను తగినంత లోతుకు దించలేదు. లైనర్ కొంచెం అరగ్గానే ఒక రివెట్ తల బయటపడి డ్రమ్ములో గీత కోసింది. చూపుడు వేలి గోరు ఆనిస్తే తట్టుకుని ఆగేంత గీత.

ఈ మూడింటిలో ప్రతిదీ ఆ రోజుకు కనిపించిన లక్షణానికి చేసిన వైద్యమే. డ్రమ్మును కొలిచినవాళ్లు మాత్రం లేరు.

మేం చూసినది

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఎయిర్ పెట్టి దుమ్ము ఊదేయడం మన షెడ్లలో మామూలే, కానీ ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ దాకా తెస్తుంది. సబ్బు నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేశాం.

లోపల డ్రమ్ముకు ఒక పక్క సన్నగా గ్రీజు పొర. బేరింగ్ సీల్ పోయింది. బేరింగులో చేతికి తెలిసేంత వదులు ఉంది. కామ్ తిరిగే రంధ్రం కూడా అరిగి కామ్ ఊగుతోంది. లివర్ ప్రయాణంలో కొంత ఆ ఊగులాటకే ఖర్చవుతోందన్నమాట.

ఇన్‌సైడ్ మైక్రోమీటర్‌తో డ్రమ్ము లోపలి వ్యాసాన్ని నాలుగు దిక్కుల కొలిచాం. అసలు వ్యాసం 160 మి.మీ. ఒక దిక్కున 160.5, దానికి అడ్డంగా 160.8. అంటే 0.3 మి.మీ. కోల. గీత లోతు దీనికి అదనం.

ఆ కోల ఎలా వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. జవాబు రిమ్ములో ఉంది. స్పోకుల్లో కొన్ని వదులు, ఒక పక్క కొన్ని తీగలా బిగుసుకుని ఉన్నాయి. ఎప్పుడో గుంతలో పడితే బెండు తీసిన చక్రం. ఈ హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, అల్యూమినియంది, లోపల ఇనప రింగు, బయట అంచుల నుంచి స్పోకులు. స్పోకులు ఒక దిక్కు ఎక్కువ లాగితే హబ్బూ దాంతోపాటు డ్రమ్మూ అటు సాగుతాయి. ఇనుము కదా, వెంట్రుక వాసి అయినా వంగుతుందా అనిపిస్తుంది. బ్రేకులో లెక్కకు వచ్చేదే ఆ వెంట్రుక వాసి.

ముందు చేసిన చిన్న పనులు, వాటి ఫలితం

పెద్ద ఖర్చుకు వెళ్లే ముందు తక్కువ ఖర్చువి చేసి చూడాలి. ఫలితం రాకపోయినా దాన్నిబట్టి ఏది కాదో తెలుస్తుంది. రేకు పట్టీలు తీసేశాం. కేబుల్ కొత్తది వేశాం. కామ్ ఆర్మ్‌ను పళ్ల మీద ఒక పన్ను వెనక్కి జరిపి, బ్రేకు పట్టే క్షణానికి కేబులుకూ ఆర్మ్‌కూ మధ్య కోణం తొంభైకి దగ్గరగా వచ్చేలా పెట్టాం. ఈ కోణాన్ని చాలామంది పట్టించుకోరు. తొంభై దాటిపోయిన కొద్దీ ఎంత లాగినా కామ్ మీద పడే బలం తగ్గుతుంది. కామ్ మరీ ఎక్కువ తిరిగితే అడ్డంగా నిలబడి, వెనక్కి రాక, చక్రం పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

యజమాని తనతో తెచ్చిన కొత్త రెడీమేడ్ షూల జత ఒకటి ఉంది. "ఇవి వేసి చూడండి మేస్త్రీ గారూ, అయిపోతే అయిపోయింది" అన్నారు. వేశాం. లివర్ బిగువుగా వచ్చింది, మొదటి క్షణం పని అయిపోయిందనే అనిపించింది. బండి మాత్రం ఎప్పటిలానే చాలా దూరం సాగి ఆగింది.

అప్పుడు సుద్ద పరీక్ష చేశాం. లైనర్ల మీద మొత్తం సుద్ద రుద్ది, బిగించి, లివర్ మెల్లిగా పట్టి చక్రాన్ని చేత్తో కొన్ని చుట్లు తిప్పి మళ్లీ విప్పాలి. డ్రమ్ము తగిలిన చోట సుద్ద చెరిగిపోతుంది. ఒక్కో షూకు మధ్యలో బొటనవేలి వెడల్పున చెరిగింది, మిగతాదంతా తెల్లగానే ఉంది. ఆ షూను యజమాని చేతికిచ్చాం. కొత్త లైనర్‌తో ఎందుకు పని కాలేదో ఇక మాటల్లో చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెడీమేడ్ షూ 160 డ్రమ్ముకు చేసినది. డ్రమ్ము అంతకంటే పెద్దదైంది. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె ఆనించినట్టు, చిన్న వంపు పెద్ద వంపులో మధ్యన మాత్రమే తగులుతుంది. నడిచే కొద్దీ అరిగి సర్దుకుంటుంది నిజమే. కానీ కోల డ్రమ్ములో అది సర్దుకోదు. సర్దుకునేలోపు ఆ బొటనవేలంత చోటు వేడెక్కి మాడి గాజులా నున్నబడుతుంది. ఘాట్‌లో బ్రేకు మాయమవడానికి కారణం అదే.

ఏ పని ముందు?

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఒకటి, డ్రమ్మును నేరుగా లేతుకు (తిప్పుతూ లోహాన్ని కోసే యంత్రానికి) పంపి గుండ్రం చేయించి తర్వాత లైనర్లు కొట్టడం. రెండోది, ముందు చక్రం సరిచేసి తర్వాత డ్రమ్ము.

మొదటిది తొందరగా అవుతుంది. కానీ స్పోకులు అసమానంగా లాగుతున్న స్థితిలో గుండ్రం చేస్తే, రేపు ఎవరైనా రిమ్ము బెండు తీయగానే డ్రమ్ము మళ్లీ కోలవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కోల ఎంత ఎక్కువుంటే గుండ్రం చేయడానికి అంత ఇనుము కోయాలి. మోటార్‌సైకిల్ డ్రమ్ములకు అసలు వ్యాసం మీద 1 మి.మీ. పెరిగేదాకా అనుమతించడం చాలా కంపెనీల లెక్క. జపాను బండ్ల డ్రమ్ముల మీద ఆ అంకె అచ్చు పోసి ఉంటుంది. ఈ హబ్బు మీద అలాంటి అచ్చేదీ లేదు కాబట్టి అదే లెక్క పెట్టుకున్నాను: 161 దాటకూడదు. దాటాల్సి వస్తే హబ్బులో కొత్త ఇనప రింగు వేయించడం తప్ప మార్గం లేదు. అది ఖర్చూ ఎక్కువ, చేసేవాళ్లూ తక్కువ. మిగిలి ఉన్న కాస్త ఇనుమును జాగ్రత్తగా వాడుకోవాలి.

అందుకని వరస ఇలా పెట్టుకున్నాం: ముందు కొత్త బేరింగులు, సీల్. తర్వాత స్పోకులు, అన్నీ ఒకే రకమైన శబ్దం వచ్చేదాకా బిగువు సమానం చేసి రిమ్ము నిలబెట్టడం. ఆ తర్వాతే డ్రమ్ము టర్నింగ్. డ్రమ్ము చివరి కొలత చేతికొచ్చాకే లైనర్. ఈ వరసలో ఏ రెండు పనులు తారుమారైనా వెనకటి పని దండగ.

స్పోకులు సమానం చేశాక మళ్లీ కొలిస్తే కోల మూడో వంతుకు తగ్గింది. అంటే మొదటి దారిలో వెళ్లి ఉంటే, వంకర స్పోకుల కోసం అనవసరంగా ఇనుము కోసి ఉండేవాళ్లం.

లేతు దగ్గర

మామూలు లేతులో చక్రం పట్టదు. లారీ డ్రమ్ములు చేసే పెద్ద లేతు కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వీటికి కొదవ లేదు. టర్నర్ కుర్రాడు చూసి, "చక్రమంతా లేతుకెక్కించమంటావేంటి బాబాయ్, హబ్బు విప్పి తేవాల్సింది" అన్నాడు. విప్పి తెస్తే స్పోకుల లాగుడు పోతుంది. ఆ స్థితిలో గుండ్రం చేసిన డ్రమ్ము మళ్లీ స్పోకులు వేయగానే మారుతుంది. టైరు తీసి, రిమ్ముతో సహా, బేరింగులు కూర్చునే చోటునే ఆధారంగా చేసి మాండ్రిల్ (చక్రాన్ని మధ్యలో పట్టి ఉంచే కడ్డీ) మీద పట్టించాం. సన్న కోతలే తీయమన్నాం. గీత పూర్తిగా పోయేసరికి వ్యాసం 160.9కి వచ్చింది. అక్కడితో ఆపేశాం.

కామ్ రంధ్రానికి గన్‌మెటల్ బుష్ (అరిగిన రంధ్రాన్ని సరిచేసే లోహపు గొట్టం) కూడా అక్కడే వేయించాం.

లైనర్ ఎంపిక

రివెట్లా, అతికింపా? సరైన జిగురుతో, సరైన ఒత్తిడితో, ఓవెన్‌లో సరైన వేడి దగ్గర ఉడికించి అతికిస్తే అది మంచి పద్ధతే. రివెట్ తలల బెడద ఉండదు, లైనర్‌ని ఎక్కువ లోతు దాకా వాడుకోవచ్చు. కానీ మా చుట్టుపక్కల వేడి కొలిచి చేసేవాళ్లు నాకు దొరకలేదు. అతికింపు సరిగా పడకపోతే ముందుగా ఏ సూచనా ఇవ్వదు. ఒకేసారి ఊడి షూకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుంటే ముందు చక్రం పట్టేస్తుంది. రివెట్ పని అలా కాదు, కంటితో చూసి, చేత్తో తట్టి పరీక్షించొచ్చు. రివెట్లే అనుకున్నాం.

మెటీరియల్‌కు మూస పోసిన గట్టి రకం, నేసిన రకం రెండూ చూశాం. ఆటో లైనర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి గానీ అవి వేరే వంపులో మూస పోసినవి. ఈ షూ వంపుకు కూర్చోబెట్టబోతే విరుగుతాయి. ఇత్తడి తీగ కలిపి నేసిన, ఆస్‌బెస్టాస్ లేని రోల్ లైనింగ్ తీసుకున్నాం. చేత్తో వంగుతుంది, చల్లగా ఉన్నప్పుడు కూడా పడుతుంది. బాగా వేడెక్కితే పట్టు కాస్త ముందుగా తగ్గుతుందన్నది దీని లోపం. షూ మొత్తం వెడల్పునా పొడవునా తగిలితే ఒక్క చోటే వేడి పోగవదు కాబట్టి ఆ లోపం భరించదగ్గదే అనిపించింది.

మందం 5 మి.మీ. తీసుకున్నాం. రెడీమేడ్ షూ లైనర్ నాలుగు చిల్లర. డ్రమ్ము వ్యాసార్ధం పెరిగినది 0.45, దాని మీద లేతులో కోతకు కొంత కావాలి.

పాత లైనర్‌ను షూ నుంచి తీయడానికి గ్యాస్ మంట పెట్టడం చూస్తుంటాం. ఇవి అల్యూమినియం షూలు, మంటకు వంకరపోతాయి. రివెట్లను డ్రిల్లుతో తీసి, షూ వెనక భాగం ఎమరీతో తెల్లగా రుద్ది, థిన్నర్‌తో తుడిచాం. లైనింగ్‌ను షూ మీద బిగించి, మధ్య రివెట్ల నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకూ జరుగుతూ కొట్టాం. చివర్ల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగులుతుంది. మెత్తని రాగి రివెట్లు, తలలు లైనింగ్ మందంలో సగం దాటి లోపలికి దిగేలా గుంతలు. అయ్యాక చిన్న సుత్తితో లైనర్ పొడవునా తట్టాలి. షూకు అంటుకున్న చోట గట్టిగా, పొట్టిగా మోగుతుంది. ఖాళీ ఉన్న చోట బోలు శబ్దం. ఒక షూలో ఒక చివర బోలుగా మోగితే ఆ రివెట్లు తీసి మళ్లీ కొట్టాం.

లైనర్‌ను గుండ్రం చేయడం

చాలామంది వదిలేసే మెట్టు ఇది. రివెట్లు కొట్టి, ఆకురాయితో నాలుగు రాపులు రుద్ది బిగించేస్తారు. మేం షూలను బ్రేకు ప్లేటు మీదే స్ప్రింగులతో సహా అమర్చి, కదలకుండా తీగ చుట్టి, ప్లేటును లేతుకెక్కించాం. షూ చివరకూ కామ్‌కూ మధ్య అర మిల్లీమీటరు రేకు తాత్కాలికంగా పెట్టాం. బ్రేకు పనిచేసేది షూలు కాస్త తెరుచుకున్నప్పుడు. కాబట్టి గుండ్రం కూడా ఆ స్థితిలోనే చేయాలి. మూసిన స్థితిలో చేస్తే తెరుచుకోగానే వంపు తప్పుతుంది. 160.7కి కోసి, రేకు తీసేశాం. పివట్ వైపు పక్కకు 0.1 ఖాళీ, కామ్ వైపు ఇంకొంచెం. లైనర్ మొదటి అంచును ఆకురాయితో ఏటవాలు చేశాం, అది లేకపోతే డ్రమ్ము అంచుకు తట్టుకుని గీర్‌మంటుంది.

బిగింపులో ఒక్క మాట. ఇరుసు నట్టు పూర్తిగా బిగించకముందే బ్రేకు లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, అప్పుడు నట్టు బిగించాలి. షూలు డ్రమ్ములో తమంతట తాము మధ్యకు వస్తాయి. పైసా ఖర్చు లేని పని.

ఫలితం

సుద్ద పరీక్షలో ఈసారి రెండు షూలూ చాలా భాగం చెరిగాయి, పివట్ వైపు మాత్రం కొంత తెలుపు మిగిలింది. లివర్ కొట్టుకోవడం పోయింది. మొదటి రెండొందల కిలోమీటర్లు ఘాట్‌కు వెళ్లొద్దని, చల్లారనిస్తూ మెల్లిగా ఆపుతూ తోలమని చెప్పి పంపాం. ఆ తర్వాత విప్పి చూస్తే మిగిలిన తెలుపు చోటు కూడా రాసుకుని ఒకే రంగుకు వచ్చింది. నునుపుబడిన మాడు ఎక్కడా లేదు.

ఘాట్ దిగి వచ్చాక యజమాని ఫోన్ చేశారు. కింది మలుపుల దగ్గర లైనర్ వాసన వచ్చిందనీ, లివర్ కాస్త ఎక్కువ లాగాల్సి వచ్చిందనీ, బ్రేకు మాత్రం చివరిదాకా ఉందనీ చెప్పారు. నేసిన లైనింగ్ నుంచి నేను అనుకున్నదీ అంతే. పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా పట్టి వదిలేయమని, వెనక బ్రేకును కూడా కలిపి వాడమని, మధ్యమధ్యలో ఒకసారి యాక్సిలరేటర్ ఇవ్వమని చెప్పాను. డిస్కు బ్రేకుతో పోల్చి చూసుకుంటే మాత్రం నిరాశే. ఇది ఆ కాలపు డ్రమ్ము, ఆ కాలపు డ్రమ్ము ఎంత పట్టగలదో అంతే పడుతుంది.

ఖర్చు దగ్గర ఆయన కాసేపు బేరమాడారు. రెడీమేడ్ షూల ధరకు ఇది చాలా రెట్లు. లైనింగ్ ముక్క ఖరీదు అందులో చిన్న భాగం, మిగతాదంతా లేతు, స్పోకులు, బేరింగులు. ఆయన అంతకుముందు చేయించిన పనుల బిల్లులన్నీ కలిపితే దీనికి పెద్ద దూరంలో లేవన్నది కూడా నిజం. డ్రమ్ము కొలతలో 160.2 లోపు ఉండి, కోల లేకపోతే నేనూ రెడీమేడ్ షూలే వేసి పంపుతాను. అలాంటి బండికి ఇంత పని చెప్పడం అన్యాయం. కొలవడానికి పట్టేది కొద్ది నిమిషాలు, ఏ దారిలో వెళ్లాలో అక్కడే తేలిపోతుంది.

ఈ డ్రమ్ములో ఇక కోయడానికి మిగిలింది 0.1 మాత్రమే. రేపు ఎవరో తెలియక 160 షూలు వేసి, బ్రేకు పట్టలేదని మళ్లీ లేతుకు పంపితే హబ్బు పోతుంది. అందుకని బ్రేకు ప్లేటు లోపలి వైపు, దుమ్ము పడని చోట, నంబరు పంచ్‌తో 160.9 అని కొట్టి ఉంచాం. షూలను పారేయకుండా మళ్లీ వీటికే లైనర్ కొట్టించమని జాబ్ కార్డులో రాసి, కాపీ ఆయనకిచ్చాం. వెనక చక్రం కూడా తెస్తానన్నారు. తెచ్చేటప్పుడు షూలు కొనొద్దని, ముందు కొలుద్దామని చెప్పాను.